దొరవారికి ఆ మాట నచ్చలేదు

1854 నవంబర్ 27న బల్లారట్ బంగారు గనుల నుంచి ముగ్గురు మనుషులు మెల్‌బోర్న్ చేరి, విక్టోరియా గవర్నర్ సర్ చార్లెస్ హోథామ్ ఎదుట నిలబడ్డారు. బ్లాక్, హంఫ్రే, కెనెడీ. అంతకు కొద్ది రోజుల ముందు జైల్లో వేసిన తమవాళ్లు ముగ్గుర్ని విడిచిపెట్టాలన్నది వాళ్ల మొదటి మాట. గవర్నరుగారు ఆ మాట దగ్గరే ఆగిపోయారు. ఖైదీల విడుదలను వీళ్లు 'డిమాండ్' చేస్తున్నారట! రాణిగారి ప్రతినిధిని డిమాండ్ చేయడమా? ఆ మాటను తాను ఒప్పుకోనన్నాడు. లైసెన్సు సంగతీ, ఓటు సంగతీ విచారించడానికి కమిషన్ వేశాం, ఓపిక పట్టండి అన్నాడు. ముగ్గురూ ఉత్త చేతులతో వెనక్కి పోయారు. డిసెంబర్ 3, ఆదివారం, ఇంకా తెల్లవారకముందే సైన్యం బల్లారట్ మీద పడింది. పావుగంటో ఇరవై నిమిషాలో సాగిన ఆ దాడిలో ఇరవై మందికి పైగా గనివాళ్లు చచ్చిపోయారు.

దీన్ని ఇప్పుడు ఆస్ట్రేలియా ప్రజాస్వామ్యం పుట్టిన కథగా చెప్పుకుంటారు. జనం అడిగారు, ప్రభుత్వం కాస్త తొందరపడింది, తరవాత తప్పు తెలుసుకుంది, చట్టం మారింది, శుభం. నాకు ఆ శుభం కార్డు మీదే కోపం. ఎందుకంటే ఆ కార్డు చూపించి ఈనాటికీ మనలాంటి వాళ్లకు బుద్ధి చెబుతారు: అర్జీ పెట్టుకోండి, మర్యాదగా అడగండి, వ్యవస్థ ఆలస్యంగానైనా వింటుంది అని. వినలేదు. అక్కడ ఎవరూ వినలేదు. ఏ తేదీన ఎవరు ఏం చేశారో వరసగా చూస్తే విన్నది ఎవరో, లెక్కలు వేసుకున్నది ఎవరో తెలిసిపోతుంది.

ముందు ఆ లైసెన్సు ఏమిటో తెలియాలి. 1851 జూలైలో విక్టోరియా ప్రత్యేక వలస రాజ్యమైంది. ఆ ఏడాదే బంగారం బయటపడింది. సెప్టెంబర్ ఒకటి నుంచి గవర్నర్ లా ట్రోబ్ గని లైసెన్సు పెట్టాడు: నెలకు 30 షిల్లింగులు. బంగారం దొరికితే కట్టే పన్ను కాదిది. దొరికినా దొరక్కపోయినా తవ్వడానికే కట్టాలి. మొదట్లో వాగుల ఒడ్డున పలుగు వేస్తే బంగారం కనపడే రోజుల్లో దాన్ని ఎలాగో భరించారు. బల్లారట్‌లో అలా కాదు. అక్కడ బంగారం భూమి అడుగున, ఎప్పుడో పూడిపోయిన పాత ఏళ్ల గర్భంలో ఉంది. నల్లరాయి పగలగొట్టుకుంటూ, నీళ్లు తోడుకుంటూ, మట్టి కూలకుండా దుంగలు పేర్చుకుంటూ వంద అడుగులకు పైగా దిగాలి. నలుగురైదుగురు జట్టుకట్టి నెలల తరబడి బావి తవ్వితే, అడుగున బంగారం ఉండొచ్చు, బురద ఉండొచ్చు. ఆ నెలలన్నిటికీ ప్రతివాడూ లైసెన్సు కట్టాల్సిందే. ఆదాయం సున్నా, పన్ను నిండుగా. ఇదే వాళ్ల మొదటి ఫిర్యాదు. ఇందులో అర్థం కానిదేముంది? అర్థం చేసుకోవడానికి కమిషన్ దేనికి?

కట్టాడో లేదో చూడ్డానికి పోలీసులొచ్చేవారు. లైసెన్సు 'వేట' అనేవారు దాన్ని, నిజంగా వేటే కాబట్టి. బావి అడుగున తడిసి ముద్దయి పని చేస్తున్నవాడు పైకి ఎక్కి వచ్చి కాగితం చూపాలి. కాగితం గుడారంలో మరిచిపోతే, నీళ్లలో తడిసి పాడైపోతే, వాడు నేరస్థుడే. మొదటిసారి దొరికితే జరిమానా 5 పౌన్లు. అందులో సగం పట్టుకున్న పోలీసుకు. చట్టం అమలు చేసేవాడికి ఆ అమలులోనే వాటా ఇచ్చారన్నమాట! జైలు గదులు చాలక దొరికినవాళ్లను దుంగలకు గొలుసులతో కట్టేసిన సందర్భాలున్నాయి. పోలీసులు కనపడగానే గనుల మీద ఒక చివర నుంచి ఇంకో చివరకు "జో! జో!" అని కేకలు పాకేవి. గవర్నర్ లా ట్రోబ్ పేరులో జోసెఫ్ ఉంది. ఆయన పేరు వాళ్లకు హెచ్చరికైపోయింది. ఒక పాలకుడికి జనం ఇంతకంటే సరైన బిరుదు ఎక్కడా ఇవ్వలేదనుకుంటాను.

మరి అదే రాజ్యంలో గొర్రెల ఆసాములు ఏం కట్టేవారు? వేల వేల ఎకరాల మేత భూమి పెట్టుకున్న ఆసామి ఏడాదికి 10 పౌన్ల లైసెన్సు కట్టేవాడు. కొద్ది అడుగుల వెడల్పు గొయ్యిలో దిగి ఊపిరి బిగబట్టేవాడు నెలకు 30 షిల్లింగుల చొప్పున ఏడాదికి 18 పౌన్లు. లెక్క తప్పలేదు, మళ్లీ చూసుకోండి. ఇంత వింత లెక్క ఎలా సాధ్యమైందంటే, చట్టం చేసే శాసనమండలిలో మూడో వంతు గవర్నరు నియమించినవాళ్లు, మిగతావాళ్లు ఆస్తిపరుల ఓట్లతో గెలిచినవాళ్లు. గొర్రెల ఆసాములదే అక్కడ పైచేయి. గనివాడికి ఓటే లేదు. అంచేత గనివాళ్ల అర్జీ ఎవరి దగ్గరికి పోతుందో గమనించారా? ఏ ఏర్పాటు వల్ల లాభపడుతున్నారో ఆ పెద్దమనుషుల దగ్గరికే, ఆ ఏర్పాటు మార్చమని.

ఇక అర్జీల చరిత్ర. 1851 డిసెంబరులో ప్రభుత్వం లైసెన్సును రెట్టింపు చేసి 3 పౌన్లు చేస్తామంది. డిసెంబర్ 15న ఫారెస్ట్ క్రీక్ దగ్గర దాదాపు 15,000 మంది ఒకచోట చేరారు. ఆ రోజుల్లోనే పెంపు ఆగిపోయింది. వాదన విని ఆపారా? అంతమంది మీదికి పంపడానికి ఆనాడు ప్రభుత్వం దగ్గర పోలీసులే లేరు. ఉన్న పోలీసుల్లో చాలామంది ఉద్యోగం వదిలేసి బంగారం తవ్వుకోవడానికి పోయారు.

1853లో బెండిగో గనివాళ్లు మర్యాదస్తుల పద్ధతిలో వెళ్లారు. ఐదు వేల మందికి పైగా సంతకాలు చేసిన మహజరు, మీటర్ల కొద్దీ పొడవైనది, ఆకుపచ్చ పట్టు అంచుతో. నెలకు 10 షిల్లింగులు చెయ్యండి, సాయుధుల్ని పంపి వసూలు చేయించకండి, కొత్తగా వచ్చినవాడికీ జబ్బుపడినవాడికీ కాస్త వ్యవధి ఇవ్వండి అని అడిగారు. ఇందులో విప్లవం వాసన ఎక్కడైనా ఉందా? ఆగస్టు ఒకటిన లా ట్రోబ్ చేతికి ఇచ్చారు. కాదన్నాడు. వాళ్లు తిరిగి వెళ్లి టోపీలకు ఎర్ర రిబ్బన్లు కట్టుకుని ఊరేగారు, పది షిల్లింగులకు మించి కట్టబోమన్నారు. అప్పుడు కదిలింది ప్రభుత్వం. ఏడాది తిరిగేలోగా లైసెన్సును నెలకు ఒక పౌను, మూడు నెలలకు రెండు పౌన్లు చేసింది. పట్టు అంచు చేయలేని పని ఎర్ర రిబ్బను చేసింది. ఆ అర్జీ ఇప్పుడు మెల్‌బోర్న్‌లో స్టేట్ లైబ్రరీలో భద్రంగా ఉందట. రాసినవాళ్లు బతికున్న రోజుల్లో దానికి ఆ గౌరవంలో పదో వంతు దక్కి ఉంటే!

1854 జూన్‌లో హోథామ్ వచ్చాడు. నౌకాదళం మనిషి. ఆగస్టులో భార్యతో కలిసి బల్లారట్ వెళితే జనం జేజేలు కొట్టారు. పాపం, కొత్త గవర్నరు మంచివాడనుకున్నారు. ఆయన మెల్‌బోర్న్ తిరిగొచ్చి ఖజానా ఖాళీగా ఉందని చూసి, సెప్టెంబరులో లైసెన్సు వేట వారానికి రెండుసార్లు జరగాలని ఆజ్ఞ వేశాడు. ఆ జేజేలకు జవాబది.

అక్టోబరులో స్కోబీ అనే గని కార్మికుణ్ణి యురేకా హోటల్ దగ్గర ఎవరో కొట్టి చంపారు. అనుమానం హోటల్ యజమాని బెంట్లీ మీద. అతనికీ మెజిస్ట్రేటుకూ స్నేహం. కేసు కొట్టేశారు. జనం కోపంతో హోటల్ తగలబెట్టారు. ప్రభుత్వం విచారణ జరిపితే జనం అన్నదే నిజమని తేలింది. మెజిస్ట్రేటు ఉద్యోగం ఊడింది, బెంట్లీకి నవంబరులో శిక్ష పడింది. అదే నవంబరులో హోటల్ తగలబెట్టారని ముగ్గురు గనివాళ్లకూ శిక్ష వేశారు. హోథామ్ ఎదుట 'డిమాండ్' చేసింది ఆ ముగ్గురి విడుదలనే. ప్రభుత్వం తన తప్పును కాగితం మీద తానే ఒప్పుకుంది. కాని ఆ తప్పును ముందుగా పట్టుకున్నవాళ్లను మాత్రం జైల్లోనే ఉంచింది. ఇందులో ఏ మాటకు నొచ్చుకోవాలో నాకైతే తెలుసు. గవర్నరుగారికి వేరే మాటకు నొప్పి పుట్టింది.

నవంబర్ 11న బేకరీ హిల్ మీద పదివేల మంది ముందు బల్లారట్ సంస్కరణ సంఘం తమ కోరికల పత్రం చదివింది. వయోజనులైన మగవాళ్లందరికీ ఓటు. సభ్యుడు కావడానికి ఆస్తి అర్హత ఉండకూడదు. సభ్యులకు జీతం, తక్కువ కాలానికి ఎన్నికయ్యే సభ, లైసెన్సు రద్దు, గని కమిషనర్ల వ్యవస్థ రద్దు. హోథామ్ ఏం చేశాడు? ఆ నెల మధ్యలోనే విచారణ కమిషన్ వేస్తున్నట్టు ప్రకటించాడు. మనకు ఈ విద్య కొత్తది కాదు. కమిటీ వేశాం, నివేదిక వచ్చాక చూస్తాం అన్న వాక్యం వింటూ మన రాష్ట్రాల్లో తరాలు పండిపోయాయి. కాని ఇక్కడ దాని అసలు రంగు కనిపిస్తుంది. కమిషన్ వేశారంటే ఆ చట్టం బాగుందో లేదో తమకే తెలియదని ఒప్పుకున్నట్టు. అలాంటప్పుడు నివేదిక వచ్చేదాకా ఆ చట్టాన్ని పక్కన పెట్టాలి కదా? హోథామ్ ఒక చేత్తో కమిషన్ వేసి, ఇంకో చేత్తో లైసెన్సు వేట కొనసాగించాడు. నవంబర్ 29న గనివాళ్లు దక్షిణ శిలువ నక్షత్రాల జెండా ఎత్తి లైసెన్సులు మంటల్లో పడేస్తే, మర్నాడు పొద్దున్నే గని కమిషనర్ రీడ్ మరో వేటకు మనుషుల్ని పంపాడు. అంతకంటే రెచ్చగొట్టే పని ఏముంటుంది? ఆ సాయంత్రమే పీటర్ లాలర్ అనే ఐరిష్ యువకుడు ఆ జెండా కింద జనంతో ప్రమాణం చేయించాడు. దుంగలతో, బండి చక్రాలతో ఒక ముతక అడ్డుగోడ కట్టుకున్నారు. శనివారం రాత్రి చాలామంది ఇళ్లకు పోయారు. ఆదివారం దాడి చేస్తారని ఎవరూ అనుకోలేదు. దాదాపు 300 మంది సైనికులు, పోలీసులు చీకట్లోనే వచ్చారు. వాళ్లలోనూ కొందరు చచ్చారు. లాలర్ ఎడమ చెయ్యి తీసేయాల్సి వచ్చింది.

ఆ తరవాత 13 మందిని రాజద్రోహం కింద విచారించారు. ఉరిశిక్ష పడగల నేరం. సాక్షాత్తూ గవర్నరు వేసిన కమిషనే అందర్నీ క్షమించి వదిలేయమని సలహా ఇస్తే, ఆయన వినలేదు. మొదట బోనెక్కించింది జాన్ జోసెఫ్‌ని, అమెరికా నుంచి వచ్చిన నల్లజాతి మనిషిని. అతనికి శిక్ష వేయించడం తేలికని లెక్క వేశారేమో. జ్యూరీ నిర్దోషి అంది. జనం అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి మెల్‌బోర్న్ వీధుల్లో ఊరేగించారు. ఆ వరసలోనే పదమూడు మందినీ జ్యూరీలు వదిలేశాయి. ఇటలీ నుంచి వచ్చిన కార్బోనీ అనే రచయిత కూడా అందులో ఉన్నాడు, బయటికొచ్చి జరిగిందంతా పుస్తకంగా అచ్చేశాడు. ఆ దాడి తరవాత శిక్షపడి జైలుకెళ్లిన ఘనుడు ఒకడే, బల్లారట్ టైమ్స్ సంపాదకుడు హెన్రీ సీకాంప్. తుపాకీ పట్టినవాడు దొరక్కపోతే పత్రిక రాసినవాడు దొరుకుతాడు. అతను లోపల ఉన్నన్నాళ్లూ పత్రికను అతని భార్య క్లారా నడిపింది.

1855 మార్చి ఆఖర్లో కమిషన్ నివేదిక వచ్చింది. లైసెన్సు తీసేయండి. దాని బదులు ఏడాదికి ఒక పౌనుకు గని హక్కు పత్రం ఇవ్వండి, దానితోపాటే ఓటు ఇవ్వండి. ఖజానాకు కావాలంటే ఎగుమతయ్యే బంగారం మీద ఔన్సుకు రెండున్నర షిల్లింగుల సుంకం వేయండి, అంటే బంగారం దొరికినవాడే కడతాడు. గని కమిషనర్లను తీసేసి గనివాళ్లు ఎన్నుకునే స్థానిక కోర్టులు పెట్టండి. నాలుగు నెలల కిందట బేకరీ హిల్ మీద చదివిన పత్రానికీ దీనికీ తేడా ఎంతో చదివినవాళ్లకు తెలుస్తుంది. చట్టం చేశారు. నవంబరులో లాలర్, హంఫ్రే శాసనమండలిలో కూర్చున్నారు. ఏడాది కిందట లాలర్ తలకు 200 పౌన్ల వెల కట్టిన ప్రభుత్వమే ఇది.

అయితే మార్చిలో న్యాయమైనది డిసెంబరులో ఎందుకు నేరమైంది? ఈ ప్రశ్నకు ప్రజాస్వామ్య పుట్టుక కథలు చెప్పేవాళ్ల దగ్గర జవాబు లేదు. మధ్యలో కొత్త సాక్ష్యమేమీ దొరకలేదు. బావుల లోతు మారలేదు. గొర్రెల ఆసామి కట్టే పది పౌన్లు మారలేదు. మారింది ఒక్కటే. మెల్‌బోర్న్ జ్యూరీలు ప్రభుత్వం మొహం మీద తలుపు వేశాయి, ఊళ్లో వేలమంది సభలు పెట్టి తిట్టారు. ఇక ఆ చట్టాన్ని నడిపించడం ఇవ్వడం కంటే ఖర్చైన పని అయింది. అప్పుడిచ్చారు.

ఇంతవరకు చెప్పి ఊరుకుంటే నేనూ ఒక వీరగాథ చెప్పినట్టే అవుతుంది. కాని ఈ గనివాళ్ల కోరికల్లో ప్రభుత్వం చటుక్కున తీర్చినది ఒకటుంది. చైనా నుంచి వచ్చే కూలీలను ఆపమన్నది. నాలుగేళ్ల పాటు లైసెన్సు గురించి చెవిన వేసుకోని ప్రభుత్వం, 1855 జూన్‌లోనే చట్టం చేసి, ఓడ దిగే ప్రతి చైనీయుడి మీద 10 పౌన్ల తలపన్ను వేసింది. ఓడ బరువు పది టన్నులకు ఒక్క చైనీయుణ్ణే ఎక్కించాలంది. దాంతో వేలమంది పక్క రాజ్యంలోని రోబ్ రేవులో దిగి, బల్లారట్, బెండిగోల దాకా వందల కిలోమీటర్లు నడిచి వచ్చారు. 1857 జూలైలో బక్‌లాండ్ లోయలో తెల్ల గనివాళ్లు వాళ్ల గుడారాలు తగలబెట్టి రెండు వేల మందిని తరిమేశారు. కొందరు చచ్చారు. ప్రభుత్వం దానికి ఏం చేసిందనుకున్నారు? ఆ ఏడాదే చైనీయుడు విక్టోరియాలో నివసించడానికి వేరే రుసుము పెడుతూ చట్టం చేసింది. దొరికినా దొరక్కపోయినా కట్టాల్సిన కాగితం, పోలీసు అడిగితే చూపాల్సిన కాగితం. బేకరీ హిల్ మంటల్లో కాలిన లైసెన్సే లేచి వచ్చి వేరే చర్మం మీద అతుక్కుంది. చైనీయులూ అర్జీలు పెట్టారు, కట్టం అని మొండికేశారు, జైలుకెళ్లారు. వాళ్ల తరఫున ఏ జ్యూరీ నిలబడలేదు, ఎవరూ వాళ్లను కుర్చీలో ఊరేగించలేదు. ఆ నేల ఎవరిదో ఆ వాథరాంగ్ ఆదివాసీలను అయితే ఏ కమిషనూ ఏ ప్రశ్నా అడగనే లేదు.

లాలర్ సంగతి కూడా ఒక మాట. ఒంటి చేతి వీరుడు తరవాత శాసనసభ స్పీకరయ్యాడు, గని కంపెనీ డైరెక్టరయ్యాడు. 1873లో క్లూన్స్‌లో గని కార్మికులు సమ్మె చేస్తే, ఆయన డైరెక్టరుగా ఉన్న లోథైర్ కంపెనీ సమ్మె విరగ్గొట్టడానికి చైనా కూలీలను తెప్పించింది. కార్మికులూ వాళ్ల ఆడవాళ్లూ దారికాచి రాళ్లు వేసి తిప్పి పంపారు. ఎన్ని విగ్రహాలు పెట్టనీ, ఈ పేజీని చించి చదవకండి.

దీంట్లో మనకేం పని అనేవాళ్లకు కోలారు బంగారు గని దగ్గరే ఉంది. 1880లో లండన్‌కు చెందిన జాన్ టేలర్ కంపెనీ అడుగుపెట్టినప్పటి నుంచి, చిత్తూరు వైపు నుంచి వెళ్లిన తెలుగు కుటుంబాలు, ఉత్తర ఆర్కాటు నుంచి వెళ్లిన తమిళ దళిత కుటుంబాలు ఆ రాయిలోకి దిగాయి. అక్కడా చట్టం మొదటి చూపు కార్మికుడి చేతుల మీదే పడింది. ముడి రాయి ఎవడి దగ్గరైనా దొరికితే అది నేరమంటూ 1897లో మైసూరు సర్కారు గని చట్టం చేసింది. 1930లో ఇక గనిలోకి దిగే ప్రతివాడూ పేరు నమోదు చేసుకుని వేలిముద్రలు ఇవ్వాలంటే, సంఘమూ నాయకుడూ లేకుండానే వేలమంది మూడు వారాల పాటు గనులు ఆపేశారు. కిలోమీటర్ల లోతున రాయి పేలి చచ్చేవాడు, రాతి దుమ్ముతో ఊపిరితిత్తులు గట్టిపడి చచ్చేవాడు దొంగలా ముద్ర వేయాలట. 2001 ఫిబ్రవరి 28న ఆ గనులు నడుపుతున్న భారత్ గోల్డ్ మైన్స్ గేట్లు మూసేశారు. అప్పటి నుంచి కార్మికులు బకాయిల గురించి, క్వార్టర్ల గురించి, మళ్లీ తెరవడం గురించి వినతిపత్రాలు ఇస్తూనే ఉన్నారు, కోర్టుల చుట్టూ తిరుగుతూనే ఉన్నారు. పోయిన కార్మికుల బదులు వాళ్ల పిల్లలు ఇస్తున్నారు.

మరి గని చట్టం మార్చడం అంత కష్టమా? 2015 జనవరి 12న ఆర్డినెన్సు తెచ్చారు, పార్లమెంటు కోసం కూడా ఆగలేదు. 2023 జూలైలో మణిపూర్ మీద సభ దద్దరిల్లుతుంటే ఆ గొడవలోనే లోక్‌సభ ఇంకో సవరణ పాస్ చేసింది. బంగారం వంటి లోతైన ఖనిజాల అన్వేషణకు ప్రైవేటు కంపెనీలకు కొత్త లైసెన్సు. ఆగస్టు మొదట్లో రాజ్యసభ కూడా ఊఁ అంది. దీనికోసం ఏ కంపెనీ డైరెక్టరైనా పట్టు అంచు మహజరు పట్టుకుని గేటు బయట నిలబడ్డాడా?

2015 సవరణలో గని ప్రాంతాల జనం కోసం జిల్లా ఖనిజ నిధి పెట్టాం కదా అంటారు. పెట్టారు. ఆ నిధిలోకి డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? గని నడిపేవాళ్లు కట్టే రాయల్టీని బట్టి. కోలారులో గని నడవడం లేదు, రాయల్టీ లేదు. అక్కడ ఉన్నవి సైనైడ్ కలిపి కడిగిన ఇసుక దిబ్బలు, వాటి మీద నుంచి వచ్చే గాలి, ఆ గాలి పీల్చే రాబర్ట్‌సన్‌పేట. ఇరవై ఏళ్లకు పైగా అక్కడివాళ్లు ఏమడుగుతున్నారో ఢిల్లీలో ఫైళ్లు చూసేవాళ్లకు తెలుసు. ఇంకా ఏ కమిషన్ నివేదిక రావాలి?